వానల్లో పడుకున్న పాత మోటారు సైకిలును లేపడం



ఆయుధపూజ వస్తోందంటే మన వైపు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక బండికి స్నానం తప్పదు. బళ్ళారిలో, కోలారులో, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఇదే వరస. ఒడిశాలో ఉన్నవాళ్ళకు సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. లారీ ఉన్నవాళ్ళు లారీకి, స్కూటరు ఉన్నవాళ్ళు స్కూటరుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, గుమ్మడికాయ కొడతారు. వసారా మూలలోనో, కొట్టంలోనో గోనెపట్టా కింద ఉన్న నాన్నగారి జావా, తాతగారి బుల్లెట్టు కూడా ఆ రోజే గుర్తుకొస్తాయి. జూన్‌లో వానలు మొదలైనప్పుడు కప్పి పెట్టినవి. కొన్నిళ్ళలో అయితే ఎన్నో వానకాలాల కింద కప్పినవి.

పట్టా తీస్తారు. తుడుస్తారు. పూజ అవుతుంది. ఇక ఇంట్లో కుర్రవాళ్ళంతా ఒకరి తరువాత ఒకరు కిక్కు కొడతారు. ముప్పై సార్లు, నలభై సార్లు. బండి పలకదు. ఎవరో ఒకరు, "దీని పని అయిపోయింది, పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం" అంటారు. మరునాడు త్రాసు పట్టుకుని ఆయన రానే వస్తాడు. ఇనుము లెక్కన కిలోకు ఇంత అని బండి వెళ్ళిపోతుంది.

ఇలా వెళ్ళిపోయిన బండ్లలో చాలావాటికి నిజంగా కావలసింది ఒక మంచి బ్యాటరీ, ఒక శుభ్రమైన కార్బొరేటరు, రెండు రోజుల ఓపిక. స్టార్టు కాకపోవడం వేరు, చెడిపోవడం వేరు. ఇంకో మాట కూడా చెప్పాలి. వానలకు నిలబడినందువల్ల జరిగే నష్టం కంటే, తొందరపడి కొట్టే ఆ మొదటి పది కిక్కుల వల్ల జరిగే నష్టం ఎక్కువగా ఉండవచ్చు. అందుకని ఈ ప్రసంగమంతటికీ ఒక్క సూత్రం పెట్టుకుందాం. ముందు కన్ను, తరువాత చెయ్యి, చివరికి కాలు. మొదట చూడాలి, ఆ తరువాత చేత్తో సరిచేయాలి, అన్నీ అయ్యాకే కిక్కు మీద కాలు పెట్టాలి.

పాత మోటారు సైకిళ్ళలో నేను ముఖ్యంగా రెండింటి గురించి చెబుతాను. ఆ రెండూ మనం ఉంటున్న రాష్ట్రాల్లోనే పుట్టాయి. ఒకటి జావా. చెకొస్లోవేకియా దేశపు బండి. జానెచెక్, వాండరర్ అన్న రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి జావా అని పేరు పెట్టారు. మైసూరు యాదవగిరిలోని ఐడియల్ జావా కర్మాగారం 1960లో ఈ బండ్లను మన దేశానికి అందించడం మొదలుపెట్టింది. 1973 నుంచి అవే ఎజ్డీ అన్న పేరుతో వచ్చాయి. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. రెండోది బుల్లెట్టు. ఇంగ్లండులో పుట్టిన బండి అయినా, 1955లో మద్రాసు కేంద్రంగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో దాని తయారీ స్థిరపడింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలోని మన తెలుగువాళ్ళకు బుల్లెట్టు కర్మాగారం అంటే పొరుగింటి మాటే. జావా టూ స్ట్రోక్ ఇంజను, బుల్లెట్టు ఫోర్ స్ట్రోక్ ఇంజను. కాబట్టి కొన్ని పనులు రెండింటికీ ఒకటే, కొన్ని వేరు. ఎక్కడ వేరో అక్కడ చెబుతాను.

చలిదేశాల్లో మంచు కురిసే నెలల్లో ఇలాంటి బండ్లను కప్పి పెట్టి వసంతంలో తీస్తారు. మనకు ఆ చలి లేదు, కానీ వాన ఉంది. లోహానికి చలి కంటే తేమ ఎక్కువ చెరుపు. చెన్నై, తిరువళ్ళూరు ప్రాంతాల్లో అసలు వానలు అక్టోబరు తరువాతే కదా, అక్కడివాళ్ళకు బండి తీసే కాలం సంక్రాంతి. యానాంలో గోదావరి తేమకు తోడు సముద్రపు ఉప్పుగాలి. ఊరిని బట్టి నెల మారుతుంది గాని పని ఒకటే.

మొదట కన్ను పని. పట్టా తీసేటప్పుడు చేత్తో లాగకండి, కర్రతో ఎత్తండి. నెలల తరబడి కదలని చోట తేళ్ళు, పాములు చేరడం మామూలే. బండిని వెలుతురులోకి తెచ్చి, స్టాండు వేసి, చుట్టూ ఒకసారి తిరగండి. కింద నేల మీద నూనె మరకలున్నాయా? ఉంటే ఇంజను కిందనా, ముందు ఫోర్కు కిందనా? ఎలుకలు వైర్లను కొరికాయా? గాలి ఫిల్టరు డబ్బా విప్పి చూడండి. ఎలుక గూడు ఉంటే అందులోనే ఉంటుంది. సైలెన్సరు గొట్టంలోకి టార్చి వేయండి. కుమ్మరి పురుగు అక్కడ మట్టి గూడు కట్టి ఉండవచ్చు. పెట్రోలు ట్యాంకు మూతకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది, దాన్నీ చూడండి. అది మూసుకుపోతే బండి బాగా స్టార్టయి, రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆగిపోతుంది. మూత తెరవగానే మళ్ళీ నడుస్తుంది. కారణం తెలియక కార్బొరేటరు మూడుసార్లు విప్పించుకునేవాళ్ళు ఉన్నారు.

ఇక చెయ్యి పని. మొట్టమొదట స్పార్కు ప్లగ్గు విప్పండి. ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండరులోకి ఒక చెంచాడు నూనె పోయండి. జావాకైతే టూ స్ట్రోక్ నూనె, బుల్లెట్టుకైతే ఇంజను నూనె. ఆ రాత్రికి అలా వదిలేయండి. ఎందుకంటే, ఈ పాత బండ్ల సిలిండర్లు పోత ఇనుముతో చేసినవి. తేమకు లోపలి గోడ మీద పలుచని తుప్పు పొర పడుతుంది. పిస్టను చుట్టూ ఉన్న రింగులు ఆ తుప్పుకు అంటుకుని ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు కిక్కు కొడితే రింగు విరగవచ్చు, గోడకు గీతలు పడవచ్చు. ఒక్క చెంచాడు నూనె ఆ ఖర్చంతా తప్పిస్తుంది.

మరునాడు పొద్దున, ప్లగ్గు లేకుండానే, బండిని ఆఖరి గేరులో వేసి వెనుక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకు తిప్పండి. ఇంజను తిరిగితే సంతోషం. తిరగకపోతే బలం పెట్టకండి, ముఖ్యంగా కిక్కు మీద ఎక్కి నిలబడకండి. డీజిలు, ఇంజను నూనె సమానంగా కలిపి పోసి, రెండు మూడు రోజులు నాననిచ్చి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపుతూ ఉండండి. వారం రోజులు నానినా కదలకపోతే అప్పుడు మేస్త్రీ దగ్గరకు తీసుకువెళ్ళి సిలిండరు విప్పించాలి.

జావా ఉన్నవాళ్ళు ఇంకొకటి గమనించాలి. పెట్రోలు కాక్ కట్టకుండా బండిని నిలిపి ఉంటే, పెట్రోలు కార్బొరేటరు దాటి క్రాంకు కేసులో చేరి ఉండవచ్చు. ప్లగ్గు బిగించి కిక్కు కొడితే ఆ ద్రవం నొక్కుకుపోదు, లోపలి భాగాలు వంగుతాయి. ప్లగ్గు తీసి తిప్పితే అది రంధ్రంలోంచి బయటికి చిమ్ముతుంది. అప్పుడు మొహం అక్కడ పెట్టకండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

తరువాత పెట్రోలు. నెలల కిందటి పెట్రోలును నమ్మి ఏ పాత బండినీ స్టార్టు చేయకండి. మూత తెరిచి వాసన చూడండి. మంచి పెట్రోలు వాసన ఘాటుగా ముక్కుకు తగులుతుంది, పాతబడిన పెట్రోలు వార్నిషు వాసన కొడుతుంది. ట్యాంకు లోపల చూడడానికి టార్చి వాడండి. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఇంకా ఉంది, దయచేసి ఆ పని చేయకండి.

ఈ విషయంలో పాతకాలపు మేస్త్రీలకు లేని ఇబ్బంది ఒకటి ఇప్పుడు వచ్చింది. ఈ రోజు బంకుల్లో దొరుకుతున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలిసి ఉంటుంది. ఇథనాలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఎక్కువ రోజులు నిలవ ఉండి, తేమ ఒక హద్దు దాటితే, నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. కార్బొరేటరుకు వెళ్ళే దారి కూడా అడుగునే కదా ఉండేది. ఇంజనుకు ముందుగా అందేది ఆ నీళ్ళే. ఇనుప ట్యాంకు అడుగు తుప్పు పడుతుంది. పైగా ఈ బండ్లు తయారైన కాలంలో ఇథనాలు మాటే లేదు. వాటి రబ్బరు గొట్టాలు, పెట్రోలు కాక్‌లోని బెండు వాషర్లు దానికి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కొన్నాళ్ళకు పగులుతాయి. అందుకని పాత గొట్టం తీసేసి ఇథనాలు తట్టుకునే గొట్టం అని అడిగి వేయించుకోండి. కాక్ వాషర్లు కొత్తవి వేయండి. ఈ ఖర్చు కొద్దిపాటిదే. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే జరిగే నష్టంతో పోల్చి చూసుకోండి.

ట్యాంకులో తుప్పు ఉంటే, ట్యాంకును బండి నుంచి విప్పి, పెట్రోలంతా తీసేసి, సబ్బు నీళ్ళతో బాగా కడిగి, వెనిగరు నింపి ఒక రోజు ఉంచండి. లోపల చిన్న నట్లు వేసి కుదిపితే తుప్పు పెచ్చులు రాలతాయి. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. ఆ తరువాత వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, వెంటనే కొంచెం నూనె పోసి నలువైపులా అంటేలా తిప్పాలి. ఆరిన ఇనుమును అలాగే వదిలితే ఒక్క రాత్రిలో మళ్ళీ తుప్పు పడుతుంది. తీసిన పాత పెట్రోలును మురుగు కాలువలో పోయకండి. ఏదైనా షెడ్డుకు ఇస్తే సామాన్లు కడగడానికి వాడుకుంటారు.

ఇప్పుడు కార్బొరేటరు. జావాలకు జికోవ్ అనే రకం, బుల్లెట్లలో చాలావాటికి మిక్‌కార్బ్ రకం ఉంటాయి. ఏదైనా సరే, విప్పే ముందు ఒక పాత పంచె పరచుకుని, తీసిన ప్రతి ముక్కను తీసిన వరసలో పెట్టుకోండి. అడుగు గిన్నెలో ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో జిగురు కనిపిస్తుంది. అది ఆరిపోయిన పెట్రోలే. జెట్టు అనే చిన్న ఇత్తడి ముక్క మధ్యలో వెంట్రుకవాసి రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాన్ని ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే బండి జీవితాంతం పెట్రోలు తాగుతూనే ఉంటుంది. నైలాను దారం గాని చీపురు పుల్ల కొన గాని చాలు. తేలే ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ద్రవం చప్పుడైతే దానికి చిల్లి పడిందన్నమాట. పొయ్యికి దూరంగా వేడినీళ్ళలో ముంచితే బుడగలు వచ్చే చోట చిల్లి ఉన్నట్టు.

ఇక నిప్పురవ్వ, అంటే స్పార్కు. ఎక్కువ బండ్లు పాతసామాన్లకు వెళ్ళిపోయేది ఇక్కడే. పాత మైసూరు జావాలలోనూ, చాలా పాత బుల్లెట్లలోనూ స్పార్కు పుట్టాలంటే బ్యాటరీలో కరెంటు ఉండాలి. ఇవి 6 వోల్టుల బ్యాటరీలు. నెలలు నిలవ ఉన్న బ్యాటరీ దాదాపు చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు వంద కిక్కులు కొట్టినా, వెయ్యి కిక్కులు కొట్టినా ఆ ఇంజను పలకదు. అది ఇంజను తప్పు కాదు. మీటరు పెట్టి చూస్తే నిండుగా ఉన్న బ్యాటరీ 6.3 వోల్టులకు దగ్గరగా చూపాలి. ఛార్జి చేయించేటప్పుడు 6 వోల్టులదని షాపువాడికి ముందే చెప్పండి. కారు బ్యాటరీ వరసలో పెడితే అది పాడవుతుంది.

బ్యాటరీ బాగున్నా స్పార్కు రాకపోతే పాయింట్లు చూడాలి. తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ఆ రెండు చిన్న బొడిపెల మీద తేమకు తెల్లని పొర పడుతుంది. బాగా సన్నని ఎమెరీ కాగితంతో, మన వైపు ఉప్పు కాగితం అంటారు కదా, దానితో రెండుసార్లు రుద్ది, శుభ్రమైన కాగితంతో తుడవండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. దానికి ఫీలరు గేజి అనే రేకుల కట్ట దొరుకుతుంది. ఇంట్లో ఒకటి ఉంచుకుంటే ఎంతో కాలం పనికొస్తుంది. పాయింట్ల మధ్యనే పెద్ద నీలి మెరుపులు వస్తుంటే కండెన్సరు బలహీనపడిందని అనుమానించాలి. స్పార్కు పరీక్షించేటప్పుడు ప్లగ్గు ఒంటిని ఇంజను లోహానికి గట్టిగా ఆనించండి, కానీ తెరిచి ఉన్న ప్లగ్గు రంధ్రానికి దూరంగా. పని ఆపి భోజనానికి వెళ్ళేటప్పుడు కీ కట్టేయండి. తెరిచి వదిలితే కాయిలు వేడెక్కి కాలిపోవచ్చు.

నూనె సంగతి. గేరు పెట్టెలోని నూనె కొంచెం బయటికి తీసి చూడండి. పాలు కలిపిన కాఫీలా ఉంటే అందులో నీళ్ళు చేరినట్టు, మొత్తం మార్చాలి. బుల్లెట్టు యజమానులకు ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. పోత ఇనుము ఇంజను ఉన్న పాత బుల్లెట్టులో నూనెకు వేరే అర ఉంటుంది. బండి నెలలు నిలబడితే అందులోని నూనె మెల్లమెల్లగా పంపు గుండా క్రాంకు కేసులోకి దిగిపోతుంది. కొలకర్ర తీసి చూస్తే నూనె తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గిందని లీటరు నూనె పోస్తారు. తీరా స్టార్టు చేస్తే దిగిన నూనె, పోసిన నూనె కలిసి ఎక్కువై, గొట్టాల్లోంచి కక్కుతుంది, పొగ కమ్ముతుంది. "ఇంజను పోయింది" అంటారు. పోయింది ఇంజను కాదు, ఎక్కువైన నూనె. కాబట్టి కింది బోల్టు విప్పి దిగిన నూనెను తీసేసి, కొత్త నూనె కొలత ప్రకారం పోయడమే మేలు.

క్లచ్చి ప్లేట్లు కూడా నిలవలో అతుక్కుంటాయి. క్లచ్చి లివరును హ్యాండిలుకు తాడుతో బిగించి కట్టి ఒక రాత్రి ఉంచి, పొద్దున గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోతాయి.

ఇంతవరకు బండి నడవడం గురించి చెప్పాను. అంతకంటే ముఖ్యమైనది, బండి ఆగడం. నిలవలోంచి తీసిన బండి నడవకపోతే మహా అయితే తోసుకుని ఇంటికి వస్తాం. ఆగకపోతే ఇంటికి రావడమే కష్టం. బ్రేకు డ్రమ్ములు విప్పి చూడండి. డ్రమ్ము లోపల తుప్పు పడితే ఎమెరీ కాగితంతో తీయండి. లైనింగుకు నూనె అంటి ఉంటే మార్చడమే మార్గం. అక్కడి దుమ్మును నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాసు ఉండేది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేకు కేబులు, క్లచ్చి కేబులు రెండు కొసల్లోనూ చూడండి. ఒక్క పోగు తెగి ఉన్నా మొత్తం మార్చండి.

టైర్లకు మెరుపు ఉన్నంత మాత్రాన మంచివనుకోకండి. పక్క గోడను బొటనవేలితో నొక్కి వంచి చూస్తే సన్నని బీటలు బయటపడతాయి. తయారైన తేదీ టైరు మీదే ఉంటుంది. 2000 సంవత్సరం నుంచి వచ్చిన టైర్ల మీద నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 3218 అని ఉంటే 2018వ సంవత్సరం 32వ వారం. మూడే అంకెలుంటే ఆ టైరు 2000 కంటే ముందుదన్నమాట. అది ఎంత నల్లగా నిగనిగలాడుతున్నా రోడ్డు మీదికి పనికిరాదు. చక్రం పుల్లలను చిన్న పానాతో ఒక్కొక్కటే తట్టండి. అన్నీ ఒకే రకంగా మోగాలి. బొద్దుగా మోగిన పుల్ల వదులైనది.

ఇవన్నీ అయ్యాక, ఇప్పుడు కాలు పని. బండిని ఆరుబయట పెట్టండి. తలుపులు మూసిన గదిలో ఇంజను ఎన్నడూ నడపకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు. పక్కన ఒక బకెట్ ఇసుక పెట్టుకోండి. కొత్త పెట్రోలు రెండు లీటర్లు చాలు. పాత జావాకు లీటరుకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ నూనె, అంటే 25 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె, వేరే డబ్బాలో బాగా కలిపి పోయండి. తరువాతి మోడళ్ళకు వాటి పుస్తకంలో రాసిన కొలత చూసుకోండి. కాక్ తిప్పి ఐదు నిమిషాలు ఆగి, ఎక్కడైనా కారుతోందేమో చూడండి. ప్లగ్గు ఇంకా బిగించకుండా పది సార్లు మెల్లగా కిక్కు తిప్పండి. అప్పుడు ప్లగ్గు బిగించండి.

జావాకు కార్బొరేటరు మీది టిక్లరు బొత్తాన్ని పెట్రోలు చెమ్మ కనిపించేదాకా నొక్కి కిక్కు కొట్టాలి. బుల్లెట్టుకు బలం కాదు, పద్ధతి కావాలి. కీ తెరిచి, అమ్మీటరు ముల్లును చూస్తూ కిక్కును మెల్లగా నొక్కండి. ముల్లు మధ్యకు వచ్చిన చోట పాయింట్లు తెరుచుకున్నట్టు, పిస్టను పైకి వచ్చినట్టు. అక్కడ డీకంప్రెషను లివరు పట్టుకుని కిక్కును ఇంకొంచెం కిందికి తోసి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు కిక్కు కొట్టండి. ఇది తెలిసిన అరవై ఏళ్ళ పెద్దమనిషి ఒక్క కిక్కుకు లేపిన బండిని, తెలియని పాతికేళ్ళ కుర్రవాడు చెమటలు పట్టినా లేపలేడు. తప్పు పద్ధతిలో కొడితే కిక్కు ఎదురుతన్ని చీలమండ దెబ్బతింటుంది కూడా.

స్టార్టయిందనుకోండి. సంతోషంతో ఎక్సలేటరు పీకకండి. నూనె అన్ని మూలలకూ చేరేదాకా నెమ్మదిగా తిరగనివ్వండి. బుల్లెట్టులో సిలిండరు తలకు వెళ్ళే సన్నని నూనె గొట్టం బోల్టును కొంచెం వదులు చేసి చూస్తే నూనె చెమ్మ కనిపించాలి. కనిపించకపోతే వెంటనే ఆపండి. జావాలో మొదటి కొద్ది నిమిషాలు దట్టమైన పొగ మామూలే, మనం పోసిన నూనె కాలాలి కదా. ఆ తరువాత కూడా తెల్లని పొగ తగ్గకుండా, గేరు నూనె మట్టం తగ్గిపోతుంటే క్రాంకు సీళ్ళు ఎండి పగిలాయని అర్థం. ఎక్సలేటరు వదిలినా ఇంజను తనంతట తానే పరుగెత్తుతుంటే అదీ సీళ్ళ జబ్బే కావచ్చు. అలాగే నడిపితే పిస్టను పట్టేస్తుంది.

మొదటి రోజు పది కిలోమీటర్లు చాలు, అదీ ఊరి పక్క ఖాళీ రోడ్డు మీద. ఇంటికి వచ్చి నట్లు, బోల్టులు మళ్ళీ బిగించండి. పిల్లలకు బండి ఇచ్చేముందు ఒక మాట చెప్పండి. పాత బుల్లెట్లలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఈనాటి బండ్లకు అలవాటు పడిన కాలు ఆపదలో గేరును తొక్కుతుంది, బండి ఆగదు. హెల్మెట్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు, ఆ తరువాత ప్రతి 5 ఏళ్ళకు పునరుద్ధరించుకోవాలి. బండి నాన్నగారి పేరనే ఉండి ఆయన కాలం చేసి ఉంటే, వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. సరిహద్దు జిల్లాలవాళ్ళకు ఇంకొక చిక్కు. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసేందుకు 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అలా నమోదైనవాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్ళవచ్చు గాని, రోజువారీ పనులకు రోడ్డు మీద నడపకూడదు. రోజూ తిరగాలనుకునేవాళ్ళు అది ఆలోచించుకుని ఎంచుకోవాలి.

చివరగా, వచ్చే వానలకు ముందు ఏం చేయాలి? పెట్రోలు కాక్ కట్టి, ఇంజను తనంతట ఆగేదాకా నడిపి, కార్బొరేటరును ఖాళీ చేయండి. ట్యాంకు ఖాళీ చేసి లోపల నూనె పట్టించండి. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టి నెలకోసారి ఛార్జి చేయించండి. సిలిండరులో చెంచాడు నూనె పోయండి. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కి, గుర్తుగా హ్యాండిలుకు ఒక ఎర్రగుడ్డ కట్టండి. బండిని పలక మీద సెంటర్ స్టాండు వేసి నిలబెట్టి, నూలు దుప్పటితో కప్పండి. ప్లాస్టిక్ పట్టా నేరుగా కప్పితే లోపల చెమట పట్టి తుప్పు పెరుగుతుంది. వారానికోసారి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే మంచిదనుకుంటారు చాలామంది. అది మంచిది కాదు. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపితే, పొగలోని నీటి ఆవిరి సైలెన్సరులోనూ నూనెలోనూ నీళ్ళై మిగులుతుంది. నడిపితే పది కిలోమీటర్లు నడపండి, లేదా అసలు ముట్టుకోకుండా ఉంచండి.

ఇవి తెలిసిన మేస్త్రీలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వయసు మీద పడుతోంది. వాళ్ళ చేతుల్లోని విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఈసారి మీ బండి వాళ్ళ షెడ్డుకు వెళ్ళినప్పుడు ఇంట్లో పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకెళ్ళి, పక్కన నిలబెట్టి, పానా అందించమనండి. బండిని త్రాసు మీద పెట్టే ముందు ఆ ఒక్క పని చేయండి. ఆ తరువాత కూడా అమ్మేయాలనిపిస్తే, ఇనుము లెక్కన కాకుండా నడిచే బండిగా, దాన్ని నడిపేవాళ్ళకు అమ్మండి.